పడవ లేదన్న పేజీ

సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కి విమానంలో గంటన్నర. నాకు రెండు రోజులు పట్టింది. దారి తప్పి కాదు, కావాలనే. నా సంచిలో సగం నవల ఉంది. ఆ సగాన్ని మళ్ళీ మొదటినుంచీ చదువుకుంటూ, నేనెక్కడ నోరు జారానో వెతుక్కుంటూ వెళ్ళాలంటే రైలే సరైనదనిపించింది.

సగం నవలేమిటని అడుగుతారు. చెబుతాను.

వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాట్ల కింద అందరికీ కలిపి ఒక లాండ్రీ గది ఉంది. రెండు వాషింగ్ మెషీన్లు, ఒక చెక్క బెంచీ. నేను ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. షమీమ్ వాళ్ళు మా పై అంతస్తులో ఉండేవాళ్ళు. మాది తెనాలి, వాళ్ళది గుంటూరు. ఇంకేం కావాలి! ఆ బెంచీ మీద పదకొండేళ్ళు కూర్చున్నాం. మెషీన్ తిరగడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలూ మేం చదువుతున్న నవల గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇక్కడ తెలుగు నవల దొరకడమే గగనం కాబట్టి ఎప్పుడూ ఇద్దరికీ ఒకటే ప్రతి. ఎంతవరకు చదివితే అంతవరకే మాట్లాడాలి, ముందు కథ చెప్పకూడదు, అదీ నియమం.

పైకి అనుకోని నియమం ఇంకొకటుంది. ఒకరికొకరం మొహం మీద చెప్పలేని మాటల్ని నవల్లో వాళ్ళమీద పెట్టి చెప్పుకునేవాళ్ళం. ఒకప్పుడు మా సూపర్‌వైజర్‌తో పడక ఉద్యోగం మానేస్తానని నేను ఎగిరెగిరి పడుతుంటే, "ఆ మేష్టారు ఇంకో ఏడాది ఓపిక పట్టాల్సింది అక్కా" అంది షమీమ్. మేష్టారు మేం చదువుతున్న నవల్లోవాడే, కానీ అన్నది నన్నే. ఓపిక పట్టాను. ఆ సూపర్‌వైజరే వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి. చదివిన చోట గుర్తుకి నేను ఏది దొరికితే అది పెడతాను, బిల్లు కాగితం, తలపిన్ను, ఒకసారి కరివేపాకు రెబ్బ కూడా. షమీమ్‌ది మాత్రం ఏ పుస్తకానికైనా ఒకటే కాగితం. నాలుగు మడతలు పెట్టి ఉంటుంది. వాడీ వాడీ గుడ్డలాగా మెత్తబడిపోయింది. అదేమిటని నేనెన్నడూ అడగలేదు.

కిందటేడు వాళ్ళు మెల్‌బోర్న్ దగ్గర క్లైడ్ నార్త్‌లో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. అప్పుడు మా చేతిలో ఉన్నది తొమ్మిది వందల పేజీల లావు నవల. మా అన్నయ్య బెజవాడలో పాతపుస్తకాల బండి మీద కొని పంపాడు. షమీమ్ చకచకా సగందాకా చదివేసింది, నేను వెనకబడ్డాను. సామాన్లు ఎక్కించే రోజు పొద్దున బ్రెడ్డు కోసే కత్తి తెచ్చి, వెతికి వెతికి ఒక పేజీ దగ్గర పుస్తకాన్ని రెండుగా కోసింది. మొదటి సగం నాకిచ్చింది. నువ్వు ఇది పూర్తిచేసి నీ అభిప్రాయం చెప్పాకే నేను రెండో సగం తెరుస్తానని ఒట్టేసింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోన్లో మాట్లాడుకోవాలని ఏర్పాటు.

నవంబరులో ఒక ఆదివారం నా సగం అయిపోయింది. కథలో కనకరత్నం నదికి ఈ ఒడ్డున ఉంటుంది. చెల్లెలు అవతలి ఒడ్డున మంచంలో ఉంది, రమ్మని కబురొస్తుంది. కనకరత్నం వెళ్ళదు. ఏరు పొంగింది, పడవ లేదని అందరికీ చెబుతుంది. పడవ ఉంది. అక్కడితో నా సగం ఆఖరు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్లో అరగంట ఏకధాటిగా తిట్టాను. చివరికి, "పడవ ఉంచుకుని లేదన్నదంటే అది మనిషే కాదు షమీమ్. అలాంటిదాని గడప తొక్కను నేను" అన్నాను. షమీమ్ "బట్టలు తియ్యాలి అక్కా" అని ఫోను పెట్టేసింది.

అంతే. ఐదు నెలలు ఆదివారాలన్నీ నాలుగు గంటలకి మూగబోయాయి. నేను చేస్తే ఎత్తదు, మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ. పదకొండేళ్ళ మనిషి ఒక్క నవల మాటతో జారిపోతుందా అని నాకు దిగులు పట్టుకుంది. ఏప్రిల్‌లో సెలవు పెట్టి, శుక్రవారం వస్తున్నానని రాశాను. "సరే అక్కా" అని వచ్చింది. ఆ రెండు మాటలూ పట్టుకుని బయల్దేరాను.

రైలు, పులిహోర, టాల్కం పౌడరు

సిడ్నీ పెద్ద స్టేషను దాకా తోటివాళ్ళందరూ ఆఫీసు మొహాలతో ఉన్నారు. దక్షిణానికి పోయే పెద్ద రైలెక్కి ఊరు దాటాక గాని నాకు ప్రయాణం చేస్తున్నట్టనిపించలేదు. ఇక్కడి రైల్లో కిటికీలు తెరుచుకోవు. బయట పసుపుపచ్చ గడ్డి, అక్కడక్కడ తెల్లగా గొర్రెలు, ఒంటరిగా ఒక చెట్టు, మళ్ళీ గడ్డి. గంటలతరబడి అదే. అద్దానికి తల ఆనించి చదువుతుంటే కళ్ళు మూతలు పడేవి. తెరిస్తే గడ్డి కాస్తా నీళ్ళలా కదిలేది. నవల్లో నది బయటికి పొంగి ఈ మైదానం నిండా పరుచుకుందేమోనని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

మన రైల్లో అయితే తెనాలి దాటకముందే ఎదుటివాళ్ళకి మన ఊరు, జీతం, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ గంటన్నరైనా పక్కసీటు పెద్దావిడ నన్ను పలకరించలేదు. కానీ చేతిలో పుస్తకం ఉంటే మాత్రం వీళ్ళకి నోరు తెరుచుకుంటుంది. అందులోనూ అట్ట లేని, వెనకభాగం లేని పుస్తకం! మిగతాది ఏమైందని ఆవిడ అడిగింది. పేరు జోన్, డెబ్భై ఎనిమిదేళ్ళు, వాగా అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళుతోంది. ఆవిడ ఒళ్ళోనూ లైబ్రరీ నవల ఉంది, పెద్దక్షరాలది. తను ఏ నవలైనా ఆఖరి అధ్యాయం ముందు చదువుతుందట. ఎవరు బతికుంటారో తెలిస్తే దారిపొడుగునా నిశ్చింతగా ఉండొచ్చంది. మా నియమం ఆవిడకు చెప్పాను. ఎంత మొండివాళ్ళు మీరిద్దరూ అని నవ్వింది.

పదకొండింటికి డబ్బా విప్పాను. అదే నేను చేసిన పొరపాటు. పులిహోర పక్కన పెట్టిన గోంగూర పచ్చడి మూత ఊడి, నూనె మొత్తం పుస్తకం మీద పడింది. నేను కంగారుగా రుద్దబోతుంటే జోన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. హ్యాండ్‌బ్యాగులోంచి టాల్కం పౌడరు తీసి మరక మీద మందంగా చల్లింది. అరగంట ముట్టుకోవద్దంది. చుట్టుపక్కల నాలుగు సీట్ల దాకా గోంగూర, లావెండరు కలిసిన వాసన వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు కానీ ఒకాయన లేచి వెళ్ళి వేరేచోట కూర్చున్నాడు.

ఆ అరగంటా కథంతా ఆవిడకు చెప్పాను. కనకరత్నం, చెల్లెలు, పడవ, నా కోపం, షమీమ్ మౌనం. పులిహోర పెట్టాను. ఆవిడ ఇంట్లో చేసిన పళ్ళ కేకు ముక్క పెట్టింది. రైల్లోనే ఉన్న బఫేలో నాలుగు డాలర్లకి టీ కొని ఆవిడకిచ్చాను. చివరిదాకా విని జోన్ ఒక్కటే అడిగింది, మీ స్నేహితురాలి అభిప్రాయం ఏమిటని.

చెప్పలేదన్నాను.

మీరు అడిగారా?

అరగంట తిట్టాను గానీ నువ్వేమంటావు షమీమ్ అని ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు. నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు. వాగాలో దిగేటప్పుడు జోన్ పుస్తకం మీది పౌడరు దులిపి నా చేతిలో పెట్టింది. మరక పలచబడింది, పోలేదు.

ఆల్బరీలో గుర్తులు తియ్యని దుకాణం

మధ్యాహ్నం మూడింటికి ఆల్బరీలో దిగాను. ఆ రాత్రికి అక్కడే మోటెల్లో గది తీసుకున్నాను. నూట ముప్పై డాలర్లు. మంచం పక్కన రెండు బిస్కెట్లు, రెండు టీ పొట్లాలు పెట్టారు, ఎవరో చుట్టాలు వస్తారని తెలిసినట్టు. శరదృతువు కావడంతో ఊళ్ళో చెట్లన్నీ పసుపుగా ఉన్నాయి. ఏప్రిల్‌లో ఆకులు రాలడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. ఇంటి దగ్గర మామిడికాయ పచ్చళ్ళ రోజులివి.

పొద్దున్నే నదికి వెళ్ళాను. ముర్రే నది. ఈ ఒడ్డు ఒక రాష్ట్రం, ఆ ఒడ్డు ఇంకో రాష్ట్రం. పేరు గొప్పగా విన్నాను గానీ కృష్ణ చూసిన కళ్ళకి కాలవలాగే ఉంది. నీళ్ళమీద పొగమంచు పాకుతోంది. అవతల ఎవరో కుక్కని నడిపిస్తున్నారు, కేకేస్తే పలుకుతారు. అంత దగ్గర. ఇంత దగ్గరున్నదాన్ని దాటకపోవడానికి ఎవరికైనా ఏం కారణం ఉంటుందని చాలాసేపు కూర్చుని ఆలోచించాను. ఐదు నెలల్లో నేను కనకరత్నాన్ని తిట్టకుండా ఆలోచించడం అదే మొదటిసారి. మంచు విడిపోయేసరికి అవతలి ఒడ్డు ఇంకా దగ్గరికొచ్చింది.

ఊళ్ళోకి తిరిగొస్తుంటే ఒక పాతపుస్తకాల దుకాణం కనబడింది. నడిపేది పొడుగాటి మనిషి, స్వెటర్ మోచేతుల దగ్గర చిరిగి ఉంది. కిటికీ పక్కన ఒక అర నిండా పుస్తకాలు, అన్నింట్లోంచీ ఏవో తొంగిచూస్తున్నాయి. ఈక, కిరాణా చీటీ, ఎండిపోయిన పువ్వు, దంతవైద్యుడి అపాయింట్‌మెంటు కార్డు. అవన్నీ సగంలో వదిలేసి ఇచ్చేసిన పుస్తకాలట. తను ఆ గుర్తులు తియ్యడట. ఎందుకని అడిగితే, మనిషి ఎక్కడ ఆగాడో అది ఆ మనిషి సొంత విషయం, తియ్యడానికి నేనెవరిని అన్నాడు. ఏదైనా రెండు డాలర్లే. వాళ్ళెవరైనా మళ్ళీ వస్తే ఊరికే ఇచ్చేస్తాడట. ఎప్పుడైనా వచ్చారా అంటే ఇద్దరొచ్చారని చాలా గర్వంగా చెప్పాడు.

నేనేమీ కొనలేదు. ఆ అర ముందు నిలబడి షమీమ్ ఎక్కడ ఆగిపోయిందోనని అనుకున్నాను. మధ్యాహ్నం రైలు పట్టుకున్నాను.

క్లైడ్ నార్త్, గడప లేని ఇల్లు

క్లైడ్ నార్త్‌లో అన్నీ కొత్తవే. రోడ్డు కొత్త, ఇల్లు కొత్త, కర్రకి కట్టిన మొక్క కూడా నిన్ననే నాటినట్టుంది. ఇళ్ళన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే నేను సరాసరి వెళ్ళి వేరేవాళ్ళ తలుపు కొట్టాను. తీసిన శ్రీలంక ఆవిడ, నా సంచీ, నా మొహం చూసి, గుంటూరు వాళ్ళా, ఇంకో మూడిళ్ళు అవతల అంది. వీధి వీధంతా మా ఊళ్ళలాగే తయారైందన్నమాట.

షమీమ్ తలుపు తీసింది. బక్కచిక్కింది. "వచ్చావా అక్కా" అని పక్కకు తప్పుకుని, నా కాళ్ళవంకే చూస్తూ నిలబడింది. చెప్పుల కోసమనుకున్నాను. ఇక్కడి ఇళ్ళకి గడపలుండవు, పసుపు రాయడానికి చోటే లేదు, నేలకి అంటుకుని ఒక రేకు ముక్క ఉంటుంది. దాన్ని దాటి లోపలికెళ్ళాను.

గోంగూర మాంసం, బగారన్నం, నాకిష్టమని సేమ్యా. వాళ్ళాయన కరీం గారు కొత్తింటి గోడలు, లాన్ గురించి చెబుతూ వడ్డించారు. షమీమ్ అడిగినదానికి జవాబిచ్చింది, అంతే. వాళ్ళమ్మాయి సనా యూనివర్సిటీలో చదువుతోంది. నేను గిన్నెలు కడుగుతుంటే పక్కకొచ్చి మెల్లగా, "ఆంటీ, మామ్ ఆ బుక్ రోజూ ఓపెన్ చేస్తుంది, దెన్ షీ జస్ట్ క్లోజెస్ ఇట్" అంది. ఆ పిల్ల నాతో అంత తెలుగు మాట్లాడటం ఎప్పుడూ వినలేదు. భయమేసింది.

మర్నాడు పొద్దున వాషింగ్ మెషీన్ ఆగిన చప్పుడుకి మెలకువ వచ్చింది. పాత అలవాటు, కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. పెరట్లో గొడుగులా తిరిగే బట్టల తీగ. షమీమ్ దుప్పట్లు ఆరేస్తోంది. నేను రెండో కొస పట్టుకున్నాను. తడి దుప్పటి ఇద్దరి మధ్యా వేలాడింది. ఆమె కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి.

ఇంక ఆగలేదు నేను. "ఆరోజు నా సొద చెప్పాను గానీ నీ అభిప్రాయం అడగలేదు. తప్పే. ఇప్పుడు చెప్పు. కనకరత్నం ఎందుకు వెళ్ళలేదంటావు?" అన్నాను.

గాలికి దుప్పటి ఉబ్బి మళ్ళీ పడింది. ఆమె చెయ్యి దాని పక్కనుంచి ఇటొచ్చింది. చేతిలో నాలుగు మడతల కాగితం.

విప్పాను. మడతల దగ్గర అక్షరాలు పోయాయి. మిగిలినవి చాలు. విమానం టికెట్టు, సిడ్నీ నుంచి హైదరాబాదుకి. షమీమ్ పేరు. ఎనిమిదేళ్ళ కిందటి డిసెంబరు.

ఆ డిసెంబరు నాకు బాగా తెలుసు. గుంటూరులో వాళ్ళ ఆపా, అంటే పెద్దక్క, పోయింది. తల్లి తర్వాత తల్లి ఆవిడ. ఆఖరిచూపుకి షమీమ్ వెళ్ళలేకపోయింది. సెలవుల రోజులు, టికెట్లు దొరకలేదు. మూడు రోజులు వాళ్ళింటికి నేనే వండి పంపాను. వచ్చినవాళ్ళందరికీ గుమ్మంలోనే, పాపం టికెట్లు దొరకలేదండీ అని నేనే చెప్పాను.

"టికెట్ దొరికింది అక్కా" అంది దుప్పటి అవతలనుంచి. "అంతకుముందు రెండుసార్లు ఆపాకి సీరియస్ అన్నారు. రెండుసార్లూ పరిగెత్తా. నేను దిగేసరికి లేచి కూర్చుని కారం దోసె తింటోంది. మూడోసారి కూడా లేచి కూర్చుంటుందిలే అనుకున్నా. స్కూల్లో సనా డాన్సుంది ఆ వారం. కాన్సిల్ చేశా. మర్నాడు ఫోనొచ్చింది."

నాకు ముందు కోపమే వచ్చింది, అబద్ధమెందుకు. ఎనిమిదేళ్ళు నాతో అబద్ధమాడించిందని. అన్నేళ్ళూ పక్కన కూర్చుని ఈ కాగితాన్ని నా కళ్ళముందే పేజీల్లో తిప్పిందని. తర్వాత తట్టింది, చూపించిందే గానీ దాచలేదని. అడగనిది నేను.

"కరీంకి తప్ప ఎవరికీ తెలీదు. నీకు చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నా. కనకరత్నం పడవ లేదన్నదగ్గరికి రాగానే, ఇదిగో దీన్ని అక్కకిద్దాం, ఆవిణ్ణి ఏమంటుందో విని అప్పుడు నా సంగతి చెబుదాం అనుకున్నా. అందుకే అక్కడ కోశా" అంది. మళ్ళీ తనే, "మొన్న సాయంత్రం నువ్వు లోపలికి అడుగుపెడుతుంటే నీ కాళ్ళే చూస్తున్నా. గడప తొక్కనన్నావుగా."

మొన్న కాదు, నిన్న. ఐదు నెలల దిగులులో ఆమెకి రోజులు కలిసిపోయాయి. నేను దిద్దలేదు. దుప్పటి పక్కకి తోశాను. ఇద్దరం తడిబట్టల మధ్య నిలబడి బాగా ఏడ్చాం. ఏడ్చామని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

"ఇప్పుడు చెప్పక్కా. ఆవిణ్ణి మనిషంటావా, కాదంటావా?"

అంటానని గబుక్కున చెప్పెయ్యొచ్చు. ఆ క్షణంలో ఏదైనా చెప్పేదాన్ని. కానీ షమీమ్‌కి నేను ఊరడింపు మాటలు చెబితే ఇట్టే తెలిసిపోతుంది. "సగం చదివి నోరు పారేసుకుని ఒకసారి చెడ్డాను. మిగతా సగం నీ దగ్గరే ఉంది. చదువు, వింటాను" అన్నాను.

బట్టలు ఎండేదాకా పెరట్లో మెట్టు మీద కూర్చుని చదివింది. గుంటూరు యాసలో కనకరత్నం మాటలు నాకు కొత్తగా వినబడ్డాయి. రెండో సగంలో ఆవిడ రోజూ రేవుకొస్తుంది. పడవవాడు ఎక్కమ్మా అంటాడు. ఎక్కదు. చెల్లెలు పోయిన కబురొచ్చాక కూడా రేవులో కూర్చుంటుంది. అరవై పేజీలు అలాగే కూర్చుంది ఆ మహాతల్లి. సనా కాఫీలు తెచ్చి, అర్థమైందో లేదో గానీ, తల్లి భుజానికానుకుని తనూ కూర్చుంది. ఎండ మెట్టు మీదనుంచి గోడ మీదికి పాకింది. నేను ఆ రేవులో ఉన్నానో ఈ పెరట్లో ఉన్నానో చాలాసేపు తెలియలేదు.

మళ్ళీ వెస్ట్‌మీడ్

నేను రైలెక్కే రోజు పొద్దున షమీమ్ బ్రెడ్డు కత్తి మళ్ళీ తెచ్చింది. అతికించుకోవడానికి నేను సిడ్నీ నుంచి జిగురు, టేపు మోసుకెళ్ళాను. అవి సంచిలోనే ఉండిపోయాయి. మేం చదివిన అరవై పేజీలూ కోసి, గోంగూర మరకతో సహా నా మొదటి సగం మీద పెట్టి తను ఉంచుకుంది. మిగిలిన భాగం నాకిచ్చింది. ఈసారి వంతు నీది, ముందు నువ్వు చదివి చెప్పు అంది.

రైల్లో తెరిచి చూస్తే మొదటి పేజీలో ఆ నాలుగు మడతల కాగితం ఉంది. మర్చిపోయిందేమోనని మెసేజ్ పెట్టాను. "లేదక్కా, నీ దగ్గరే ఉండనీ" అని వచ్చింది. ఇప్పుడు నా గుర్తు కూడా అదే.

నిన్న ఆదివారం. బట్టలు మెషీన్లో వేసి బెంచీ మీద కూర్చున్నాను. నాలుగింటికి ఫోను మోగింది.

"ఎక్కడిదాకా వచ్చావక్కా?"

"పడవ ఎక్కింది" అన్నాను.

"ఆలస్యమైపోయింది కదక్కా."

"అయింది. అయినా ఎక్కింది."

ఆ తర్వాత మెషీన్ ఆగేదాకా మాట్లాడుకున్నాం.